టీవీ మీద గుడ్డ

యనమదుర్రు గట్టు మీద మా అంగన్వాడీ.
గోడకి కొత్త టీవీ. రోజుకి పది నిమిషాలే అన్నాను.
పది కాగానే నా పాత వాయిలు చీర ముక్క
దాని మొహం మీద కప్పేస్తాను.
"టీవీ బజ్జుంది" అంటారు పిల్లలు.

మొదటి వారమంతా ఏడుపులే.
కెజియా అయితే కిటికీ ఊచల్లోంచి వేలు పెట్టి
బయట రొయ్యల చెరువుని పక్కకి తోసింది.
చెరువు కదల్లేదు.
ఏరేటరు నీళ్లు చిమ్ముతూనే ఉంది.

మెల్లగా చింతపిక్కలొచ్చాయి, బంకమట్టి వచ్చింది.
షెడ్డు నుంచొచ్చాక వాళ్లమ్మ చేతులు ఎలా వాసనేస్తాయో
కెజియా అందరికీ చెప్పింది,
ముక్కు ఎగబీల్చి మరీ.

నేను మాత్రం మూల కుర్చీలో.
గుడ్లెన్ని, పాలెన్ని, ఎవరి బరువెంత.
ఫొటో ఎక్కదు, సిగ్నలుండదు,
ఫోను పైకెత్తి గుమ్మం దాకా, మళ్లీ కుర్చీ దాకా.
"టీచరూ, ఇదెవరో చెప్పుకో?"
"ఊఁ" అన్నాను. తలెత్తలేదు.

కాసేపటికి అంకెల మీద
పసుపు పువ్వుల వాయిలు.
కెజియా నా చీర ముక్క లాక్కొచ్చి
ఫోను మీద జాగ్రత్తగా కప్పుతోంది.
"పది అయిపోయింది టీచరూ."

అప్పుడు చూశాను మట్టిబొమ్మని.
నేనేనట. తలకాయ ఒళ్లోకి వంగిపోయి ఉంది.
ఇంకా ఆరలేదు.
బొటనవేలితో మెడ కొంచెం పైకెత్తాను.