సముద్రం పాత్రధారి

కరపత్రంలో నా పేరు లేదు.
ఏడు గజాల నీలం గుడ్డకి
ఆ చివర ధనకోటి, ఈ చివర నేను.
పక్క తెరల చాటున గొంతుక్కూచుని ఊపితే
పెరంబూరు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో
సముద్రం పుట్టేది.

శత్రువు ఓడలు పదమూడు.
బిస్కెట్ పెట్టెల అట్టలు,
తెరచాపలకి మా అమ్మ పాత జాకెట్ల లైనింగు.
దారం లాగితే వచ్చేవి, వదిలితే మునిగేవి.
మునగడం మూడో అంకంలో.
ఉరుముకి తగరపు రేకు, మెరుపుకి మెయిన్ స్విచ్చి,
మిగతా తుపానంతా మా జబ్బలే.

రాణి, ఎతిరాజులు.
క్యారేజి వర్క్స్‌లో రివెట్లు కొట్టే మనిషి.
షిఫ్టు దిగి, గోళ్ళల్లో గ్రీజుతోనే
కిరీటం పెట్టుకునేవాడు.
మీసం తీసేటప్పుడు మాత్రం
ప్రతి ఏడూ మంగలితో తగువు.

ఆ కార్తీకంలో నిజం వాన.
కొన్నూరు హైరోడ్డు మీద మోకాటి లోతు నీళ్ళు.
వచ్చిందే అరవై మంది,
అందులో సగం తల దాచుకోడానికి.
రెండో అంకం, ఓడలు అప్పుడే కనబడుతున్నాయి,
ఈదురుగాలి కిటికీ రెక్క ఊడబెరుక్కుని లోపలికొచ్చి
ఒక్క ఊపున అన్నిటినీ ఎత్తుకుపోయింది.
దారాలు నా వేళ్ళకే ఉన్నాయి.
ఓడలు హార్మోనియం మీద, ఫోర్‌మన్ గారి ఒళ్ళో,
ఒకటి ఏకంగా బయట, రోడ్డు మీది వరదలో.

యుద్ధం రాకుండానే అయిపోయింది.
రాణి ఇంకా రంగం మీదికే రాలేదు.

ధనకోటి నా వంక చూశాడు, నేను అతని వంక.
సముద్రానికి మాటలెవరూ రాయలేదు కదా.

అప్పుడొచ్చాడు ఎతిరాజులు.
రేకు కవచం విప్పి కింద పెట్టాడు,
ఠంగుమంది.
ఎదురుగా ఎనిమిది మంది సైనికులు,
మూడు నాటకాల బాకీ ఉన్నవాళ్ళు,
తడిసిన కర్ర ఈటెలు పట్టుకుని
ఇంటికెళ్ళే దారి చూస్తున్నవాళ్ళు.

రాణి గొంతులో కాదు, తన గొంతులో అన్నాడు:
"తలుపులు మందంగా ఉన్న చోట ఉండమన్నారు నన్ను.
మీరు తడుస్తుంటే నాకు కప్పెందుకు?
ఈ చేతులు చూడండి,
గాజులకంటే మసి ఎక్కువ.
మీకియ్యాల్సింది ఉంది. మరిచిపోలేదు.
రేపు నేను మిగిలితే నన్నడగండి,
మిగలకపోతే ఈ కిరీటం కరిగించుకోండి."

పుస్తకంలో ఇవేవీ లేవు.
ప్రాంప్టరు పేజీలు తిప్పి తిప్పి ఊరుకున్నాడు.

ఈటెలు లేచాయి.
ఎనిమిది గొంతులే, కానీ
తల దాచుకోడానికొచ్చినవాళ్ళు కూడా లేచి అరిచారు.
ఎవరి మీదికో తెలీదు.
ఎదురుగా ఒక్క ఓడ లేదు.
మేం నెమ్మదిగా గుడ్డ దించేశాం.

కార్యదర్శి నివేదికలో "రాణి విజయం" అని రాశారు.
గాలి ఊసే లేదు.
కిరీటం ఇత్తడి కూడా కాదు, అట్టే.
బాకీ? అదింకా బాకీయే.

మర్నాడు వర్క్‌షాపు కుళాయి దగ్గర
ఎంత రుద్దినా నా అరచేతుల నీలం పోలేదు.
పక్కన కిరసనాయిలు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ
"నీది దిగలేదేమిరా?" అన్నాడు ఎతిరాజులు.
అతని చెవి వెనక
ఇంకా కొంచెం
రోజా రంగు.