అరగంటకి సగం

రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్దది
ఈ వడపోత కాగితం.
నాలుగు గంటలకోసారి మారుస్తాను.
పంపు పీల్చిన గాలంతా దాని మీద ఆగుతుంది:
గ్రీజు వాసన, వంటగది తిరగమోత పొగ,
నలభై ఆరుగురి ఊపిరి.

పట్టకారుతో తీసి కౌంటర్ కింద పెట్టి
లాగ్‌బుక్కులో అంకె వేస్తాను.
నడిసముద్రంలో అంకె చిన్నది.
ఇరవై రోజులుగా చిన్నదే.
చిన్న అంకెలు రాసీ రాసీ
నా చేతిరాత కూడా చిన్నదైపోయింది.

ఇవాళ తెల్లారగట్ల మూడూ నలభైకి
అలారం మోగింది.
కాగితం తీశాను. అంకె మూడింతలు.

మాస్కులు.
అందరిదీ ఒకటే ముఖం అయిపోయింది.
దాలయ్య పిండి చేతులతోనే పట్టీలు లాక్కున్నాడు.
కొత్తగా చేరిన గనగళ్ళ ఎల్లాజీ
రెండ్రోజులుగా గడ్డం గీయలేదు,
రబ్బరు అంచు చెంపకి అతకదు.
తిట్టి, ఇంకో పట్టీ బిగించాను.
గాజు వెనక వాడి కళ్ళు ఏదో అడిగాయి.
చెప్పలేదు. నాకూ తెలీదు.

ముక్కు పనికిరాని చోట
గడియారమే ముక్కు.
కాగితాన్ని కదపకు, చూస్తూ ఉండు:
అరగంటకి అంకె సగమైతే
అది మట్టిది.
తగ్గకుండా కూర్చుంటే
అది మనది,
ఈ ఇనుపగోడ అవతలిది.

అరగంట.
ఎవరి ఊపిరి వాళ్ళకే పెద్దగా వినబడే అరగంట.
జాలారిపేటలో మా అమ్మ
కవ్వళ్ళు ఎండేసిన ఇసుకలో వంగి
తలెత్తకుండానే
"కొండగాలి తిరిగిందిరా" అనేది.
ఎలా తెలుసే అంటే
"మన్ను వాసన తగల్లేదేటి నీకు?"
నాకెప్పుడూ తగల్లేదు.

నాలుగూ పది.
చూశాను. మళ్ళీ చూశాను.
సగం. సగానికి పిసరంత తక్కువే.

కంబాలకొండ రాళ్ళు, ఎర్రమట్టి దిబ్బలు
రాత్రంతా విడిచిన ఊపిరి
పన్నెండు మైళ్ళు నీళ్ళ మీద నడిచొచ్చి
నా కాగితం మీద కూర్చుంది.
డాల్ఫిన్స్ నోస్ దీపం
పైన కాపలా ఉన్నవాళ్ళకి కనబడుతుంటుంది.
కిందున్న మాకు ఇదే కిటికీ.

తీసేయమన్నాను.
ఎల్లాజీ చెంపల మీద ఎర్రటి గీత.
"ఏటది సార్?"
"ఊరు," అన్నాను.
వాడికి అర్థం కాలేదు, అయినా తలూపాడు.
కారణం అని ఉన్న గడిలో
సహజం అని రాశాను,
కాస్త పెద్ద అక్షరాలతో.
దాలయ్య మాస్కు మీది పిండి తుడుస్తున్నాడు.

తర్వాతి కాగితం ఎనిమిదింటికి.