గడువు తేదీ

మాట్లాడటానికి మూడు నిమిషాలిచ్చారు.
ఒకటి మైకు సరిచేయడానికే పోయింది.

లెక్కలు చెప్పొద్దన్నాడు సెల్విన్ కీపింగ్,
నలభై ఏళ్లు కాడ్ చేపలు కోసిన మనిషి.
"అంకెలు వాళ్ల దగ్గరా ఉన్నాయి, యూనా.
పెద్ద అంకె చిన్న అంకెను మింగేస్తుంది."
అయినా కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకున్నాను,
భయానికి.

బయట న్యూఫౌండ్‌లాండ్ గాలి కిటికీలు పీకుతోంది.
లోపల, బడ్జెట్లో, మా గ్రంథాలయం ఏడో పద్దు,
మంచు తోసే బండి టైర్ల కింద.

ఎవరెవరొస్తారో చెప్పాను.
ఇంట్లో ఆయిల్ అయిపోయి
మా హీటర్ పక్కన అట్లాసు తిప్పే పార్డీల పిల్లలు,
పింఛను ఫారంలో సంతకం చోటెక్కడని
ప్రతిసారీ కొత్తగా అడిగే మిసెస్ హైన్స్.
మేయరు గడియారం చూసుకుంది.

అప్పుడు తీశాను
తాళ్ల ముడులు నేర్పే పుస్తకం వెనక జేబులోంచి
ఒక పాత చీటీ.
చేపల ఫ్యాక్టరీ మూతపడిన ఆ చలికాలమంతా
ఒకే పేరు, పెన్సిలుతో, వరసగా తొమ్మిదిసార్లు.
చిన్నపిల్ల చేతిరాత. ఒక అక్షరం తిరగబడి ఉంది.
ఏమీ అనలేదు. ఆమె ముందు పెట్టాను.
గంట మోగింది.

ఓటింగు వచ్చే మంగళవారానికి వాయిదా.
మెట్లమీద సెల్విన్ పెదవి విరిచాడు:
"గాలం కదిలింది. చేపో, నాచో."

చీటీ మాత్రం ఆమె తిరిగివ్వలేదు.
పొద్దున్నే తలుపు తీసి
చలికి బిగిసిన పెన్నును నోటితో ఊది
రిజిస్టర్లో రాశాను:
తీసుకున్నవారు, మేయరు.
గడువు, మంగళవారం.