పందొమ్మిదో వల

వల తిన్నగానే పైకొచ్చింది.
ముందు ఆ మాట చెప్పాలి, మిగతావి తర్వాత.

ఫారో దీవులకు ఉత్తరాన, ఫిబ్రవరిలో,
ఇంకా తెల్లవారని ఏడున్నరకు
పరిశోధన నౌక డెక్కు మీద
రబ్బరు తొడుగుల్లో వేళ్ళు కొయ్యబారి నిలబడ్డాను.
గంటసేపు సముద్రం అడుగున ఈడ్చిన వల
నోరు విప్పితే
మూడు నక్షత్ర చేపలు, ఒక స్పాంజి ముక్క,
ఎవరిదో ఎడమకాలి బూటు.
కాడ్ చేప: సున్నా.

ముందరి పద్దెనిమిదింటిలో చేప ఉంది.
తర్వాతి ఐదింటిలోనూ ఉంది.
పటం మీద ఆ గడి పెద్దది.
ఈ ఒక్క వలనీ తీసేస్తే గీత పైకి లేస్తుంది,
పడవలకి ఇంకో పదకొండు రోజుల వేట దొరుకుతుంది.

హానుస్ దొంగ కాదు.
నాకు సూక్ష్మదర్శిని ముందు కూర్చోవడం నేర్పినవాడు,
మా అమ్మ పోయినప్పుడు పెట్టెకి భుజం పట్టినవాడు.
పెన్ను మూత తీస్తూ, నా వంక చూడకుండా అన్నాడు:
"మెలి తిరిగి ఉంటుంది, యోరున్.
చెల్లని వల అని రాసెయ్."

ఉంటుంది.
ఎంత మెత్తని మాట!
దాన్ని అబద్ధమని ఎవరంటారు?
అందులో సగం సముద్రం మీదికి నెట్టేయొచ్చు.
వల నోటికి కట్టిన యంత్రం మాత్రం
పదహారు మీటర్లు తెరుచుకున్నానని
గంటంతా చెబుతూనే ఉంది.

ఇరవై రెండేళ్ళ కిందట
ఇంకో వల వచ్చింది, ఇలాగే, ఖాళీగా.
అప్పుడు నాకు ఉద్యోగం కొత్త, చలికోటు కూడా అరువుది.
ఎవరూ బెదిరించలేదు.
ఎవరో నవ్వారు, అంతే.
చెల్లనిది అని రాశాను.
ఆ చేతిరాత ఇప్పటికీ గుర్తుంది: గుండ్రంగా, బుద్ధిగా.
ఎవరూ అడగలేదు.
ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.
నన్ను నిద్రలోంచి లేపేది అదే.

ప్రయోగశాలలో కాడ్ తల చీల్చి
చెవిలోని రాయిని తీస్తాను.
చింతగింజలో సగం ఉంటుందేమో.
విరిచి, మంట మీద కాస్త కాల్చి, దీపం కింద పెడితే
ఏడాదికో వలయం.
తిండి దొరకని ఏడు సన్నగా, దొరికిన ఏడు వెడల్పుగా.
ఏడు వలయాల చేప ఏడేళ్ళు బతికింది,
ఎనిమిదోది నా కత్తి దగ్గర ఆగిపోయింది.
తినడానికి కాదు, అమ్మడానికి కాదు,
లెక్క కోసం చంపాం దాన్ని.
లెక్క కోసం చంపి
కాకి లెక్కలు రాస్తే
ఆ చావుని ఇక ఏమని పిలవాలి?

అవతలి ఒడ్డున మా తమ్ముడు ట్రోండుర్.
పడవ మీద బ్యాంకు వాయిదా,
కూతురి పళ్ళకి కట్టించాల్సిన తీగ.
పదకొండు రోజులంటే ఎంతో
నాకు ఎవరూ పట్టిక గీసి చూపించక్కర్లేదు.
నిజం కాగితం మీదే ఉండిపోదు,
ఎవరో ఒకరి వంటింట్లోకి వచ్చి కూర్చుంటుంది,
లేవమన్నా లేవదు.

నీళ్ళు నమిలాను. ఒక పూటంతా నమిలాను.
కాఫీ చల్లారింది, రెండోసారి కూడా.
అప్పుడు రాశాను:
పందొమ్మిది. చెల్లుతుంది. సున్నా.
కింద నా పేరు, ఇంటిపేరుతో సహా.
అటక మీది పాత రిజిస్టరు కూడా దింపి
ఆ బుద్ధిగల చేతిరాత పక్కన
ఇవాళ్టి తేదీ వేసి, ఆనాడు జరిగింది రాశాను.
నా అక్షరాలు ఇప్పుడు అంత గుండ్రంగా లేవు.

హానుస్ చాలాసేపు కిటికీలోంచి చూశాడు.
ఏమీ అనలేదు.
తన పెన్ను నా బల్ల మీదే వదిలి వెళ్ళాడు,
మరిచిపోయాడో, ఇచ్చాడో.

సాయంత్రం రేవులో ట్రోండుర్
చిరిగిన వలకి కుట్లు వేస్తున్నాడు.
కబురు నాకంటే ముందే చేరింది.
"తిన్నగానే వచ్చిందా?"
"తిన్నగానే."
సూది ఆగింది.
"అయితే మరి..." అని
మిగతాది మింగేశాడు.
వాన మొదలైంది. నేను కదల్లేదు.
ఎంతసేపటికో, తల ఎత్తకుండా అన్నాడు:
"ఆ చివర పట్టుకో.
చేతులు ఖాళీయేగా."