మంగళవారం, లెక్కకు రానివి

పీటర్‌హెడ్ రేవులో ముప్పై ఒక్క ఏళ్లు
చేపల పెట్టెలు లెక్కపెట్టాను.
నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత: ఐదు.
ఇప్పుడు మంగళవారం సాయంత్రాలు
లైబ్రరీ పైగదిలో ఇంగ్లీషు చెబుతున్నాను.
జీతం లేదు, టీ ఉంది.

లెక్కకు లొంగేవాటికి ‘మెనీ’, లొంగనివాటికి ‘మచ్’.
పెట్టెలు మెనీ. ఐసు మచ్.
“మరి చేప?” అంది హజార్.
నీళ్లలో ఉన్నంతసేపూ మెనీ,
పళ్లెంలోకి వచ్చాక మచ్, అన్నాను.
అందరూ నవ్వారు.
నా నోటి నుంచి వచ్చేదాకా ఆ సంగతి నాకూ తెలియదు.

రిమాంటస్‌ది ఫిల్లెట్లు కోసే షెడ్డులో రాత్రి షిఫ్టు.
కత్తి పట్టినట్టే పెన్సిలు పడతాడు.
వాళ్ల లిథువేనియన్‌లో ‘ఎ’ లేదు, ‘ది’ లేదు,
అవి లేకుండానే పెళ్లిళ్లూ తగువులూ అన్నీ జరిగిపోయాయట.
ఈ ఊళ్లో నాకు ‘ఫ్యూ ఫ్రెండ్స్’ అని రాశాడు.
ముందు ఒక ‘ఎ’ చేర్చాను, ఎర్ర పెన్సిలుతో.
‘ఫ్యూ’ అంటే లేనట్టే.
‘ఎ ఫ్యూ’ అంటే ఉన్నట్టే.
మనుషులు అంతమందే, మారేది చెప్పేవాడి మొహం.
వారం తిరిగాక వచ్చి అడిగాడు:
“టీచర్, మీరు చేర్చారు కదా,
ఎవరు వాళ్లు?”

లెటెబ్రహన్ ఏమీ అడగదు.
ఎరిత్రియా నుంచి ఎన్ని సరిహద్దులు దాటిందో మేమూ అడగం.
ఆసుపత్రి ఫారం తెచ్చింది.
‘ఎనీ చిల్డ్రన్’ అన్న గడిలో
‘ఐ హావ్ ది చైల్డ్’ అని ఉంది.
‘ది’ కొట్టేశాను. ‘ఎ’ రాశాను.
ఆమె రబ్బరు తీసుకుని
నా ‘ఎ’ని చెరిపింది, కాగితం పొర లేచేదాకా.
“‘ఎ’ అంటే ఎవరో ఒకరు అన్నారు పోయిన వారం.
వీడు ఎవరో ఒకడు కాదు.”

నియమం చెప్పాను, తప్పదు గనక.
మొదటిసారి చెప్పేటప్పుడు ‘ఎ’,
వినేవాళ్లకు కూడా తెలిశాకే ‘ది’.
నాకు తెలియదు కదా, అన్నాను.

కాసేపు హీటర్ చప్పుడు.

తర్వాత చెప్పింది.
పేరు ఫిలిమోన్. ఆరేళ్లు. ఖార్టూమ్‌లో పెద్దమ్మ దగ్గర.
ఎడమచేతి వాటం.
కూరలో ఉల్లిపాయ తినడు,
ముక్కలన్నీ ఏరి అంచున పేర్చి
ఎన్ని వేశావో చూడు అని లెక్క అప్పజెబుతాడు.
ఈ మధ్య ఫోనులో
ఊడిన పన్ను చూపించాడు, వచ్చేది చూపించాడు.
రిమాంటస్ మాట్లాడకుండా
తన పెన్సిలు పైకెత్తాడు, ఎడమచేత్తో.

ఎర్ర పెన్సిలు పక్కన పెట్టి ఆమె పెన్సిలు అడిగాను.
పొర లేచిన చోట అక్షరం నిలవలేదు,
దాని పక్కన రాశాను: ‘ది’.
తప్పే.
ఫారం చూసే గుమాస్తాకు ఫిలిమోన్ తెలియడు.
మార్కులంటూ వేస్తే పోయేవి నావే.

అందరూ మెట్లు దిగారు.
కప్పులు కడగడానికి రిమాంటస్ ఉండిపోయాడు.
ఏడు ఉన్నాయి, ఒకదానికి పిడి లేదు.
టీ ఇంకా కొంచెం మిగిలింది,
ఇద్దరం తాగాం.
ఎవరు వాళ్లని
ఈసారి అడగలేదు.