ఇరవై రెండు నిమిషాల ఖాళీ

పొద్దుగూకేటాల్లకు ఫోన్ మోగింది.
పైన తిరిగే ఉపగ్రహమొకటి
బల్లి నక్షత్ర మండలంల మంట చూసిందట.
నిన్నటికంటే పదకొండు రెట్లు గామా కిరణాలు.
ఎక్కడున్నవాళ్ళు అక్కడ్నుంచి చూడండని
లోకమంతా దండోరా.

మర్రిగూడ హైస్కూల్ గ్రౌండుల
నా ఎనిమిదంగుళాల టెలిస్కోపు,
ఒక కారు బ్యాటరీ, మంచుకు తడిసిన దుప్పటి, నోటుబుక్కు.
గామా నా దాకా రాదు.
గాలి పైపొరల్లనే దాని కథ ముగుస్తది.
తోడొచ్చే మామూలు వెలుగును
పది నిమిషాలకోసారి కొలిచి రాసుకుంట,
పిలుపు లేని పెండ్లికి
ప్రహరీ బయట నిలబడి
బాజా చప్పుడుతోని మందిని లెక్కగట్టినట్టు.

"ఏం సూస్తున్నవు టీచరమ్మా?"
వాచ్‌మన్ జంగయ్య.
అడిగింది నన్నే గానీ
చూపు మాత్రం నా చెప్పుల మీద.
బోరునీళ్ళల్ల కరిగిన రాయి
ముప్పై ఏండ్లు గొంతు దిగి
ఆయన మెడల మళ్ళ రాయైంది.

చెప్పిన.
చానా దూరంల ఒక చుక్కల సంత ఉంది,
దాని నడుమ ఒక చీకటి గుండం.
మీద పడ్డదంతా మింగలేక
కొంత ఉమ్మేస్తది. ఆ ఉమ్ము సూటిగా మన దిక్కే.
మల్లేపల్లి రోడ్డు మీద రాత్రి ఎన్ని లారీలు పోవు?
అడ్డం పోయేదాన్ని ఎవరూ చూడరు.
ఎదురొచ్చేదాని లైట్లే కండ్లు పొడుస్తయి.
"ఎప్పుడు బయలెల్లింది?"
"తొంభై కోట్ల ఏండ్ల కింద."
"గప్పుడు ఈడ ఏముండె?"
"ఈ గుట్టల రాయి ఉండె."
"గిదా?" అని మెడ తడుముకొని నవ్విండు.
నాకు నవ్వాల్నో వద్దో తెలువలే.

ఆకాశమంటే తల ఎత్తేటోళ్ళదే అనుకుంటం.
ఈ గొట్టం కొసకు మాత్రం ఒక చిన్న అద్దం
వెలుగును మలిపి
వంగినోని కంటికి అందిస్తది.
జంగయ్య కట్టె నాకిచ్చి
కన్ను ఆనిచ్చిండు. చానాసేపు ఉలుకు లేదు.
"గింతేనా? ఆవగింజ లెక్క."
గోడ మీద బల్లి పలికింది.
"సత్యం" అని చిటికేసిండు,
నేను చెప్పిందానికో, తాను చూసిందానికో.

కట్టె తీసుకోలేదు.
"పిల్లలకోడి ఎక్కిందా తూర్పుకు?"
గొర్ల మంద వెంట
డిండి దాటి నల్లమల అంచు దాకా
దాన్ని నమ్ముకొని నడిచినోడట.
మెడ బిగిసినంక మళ్ళ చూడలే.

మంట ఎగుస్తనే ఉంది.
పదీ నలభైకి కొలత తీయాలె.
ఇప్పుడు తిప్పితే గురి పోతది,
మళ్ళ వెతికి పట్టాలె.
తిప్పిన.

"పిల్లలే ఉన్నయి, కోడేది?"
అద్దంల మంద మొత్తం పట్టదు.
మర పట్టి మెల్లగ జరుపుతుంటే
ఒక్కొక్కటి లెక్కబెట్టిండు,
సాయంత్రం దొడ్డి తడిక కాడ
గొర్లను లోపలికి తోలినట్టు.
అయిదు. ఆరు. ఆగు, ఆగు.
ఇంకోటుండాలె.

మర్నాడు గీతల పటం గీస్తే
నా చుక్కల వరుస నడుమ ఇరవై రెండు నిమిషాలు బోసి.
కారణం రాసే గడిల
మబ్బు అని రాస్తే సరిపోవు.
కరెంటు అని రాసినా ఎవరడుగుతరు?
గడి అట్లనే వదిలి పంపిన.
వారం తర్వాత అందరి కొలతలు కలిపితే
ఫిన్లాండ్‌ల ఎవరో మేలుకున్నోళ్ళవి
మూడు చుక్కలు సరిగ్గ ఆ సందుల వచ్చి కూసున్నయి.

జంగయ్యకు చెప్పిన.
ఆయనకు ఆ ముచ్చట పట్టలే.
"ఏడోది దొరకలే టీచరమ్మా,
ఈ రాత్రి మబ్బులేదు గద?"