తడి ఆరేలోపు

నలభై ఏళ్ళు గొర్రెల పాకలో కట్టెల రంపం తిప్పింది ఈ ఇంజను.
అంతకుముందు ఎవరో డాక్టరుగారి కారట.
ఓట్‌లాండ్స్ వేలంలో తుక్కు కింద కొన్నప్పుడు
ఒక చట్రం, మూడు చక్రాలు,
సీటు స్ప్రింగుల్లో ఎలకల కాపురం.

"దీనికి తలుపులేవి?" అంది నోరీన్.
ఉండవన్నాను.
"పైకప్పు?"
స్పీడ్‌స్టర్‌కి ఉండదు.
"వానొస్తే?"
తడుస్తాం.
ఆ మాట మీద ఆరు వారాలు షెడ్డు గడప తొక్కలేదు.

తోక కోసం ఓక్ బద్దల్ని ఆవిరిలో ఉడకబెట్టి వంచాను,
పడవ ముక్కు దారితప్పి వెనక్కి వచ్చినట్టు.
ఇసక నింపిన తోలుసంచి మీద అల్యూమినియం రేకు పరిచి
చెక్కసుత్తితో కొట్టాను, కొట్టాను.
జూన్ నెలంతా మా వీధికి నా చప్పుడే గడియారం.
కుడి చెంప కుదిరింది.
ఎడమది దానికి చెల్లెలైంది గాని
కవల కాలేదు.

ఇక లప్పం.
టాస్మేనియా చలికి గట్టిపడనంటుంది,
హీటరు పెడితే గరిటె మీదే రాయవుతుంది.
పూయడం ఒక పూట, గీకడం మూడు పూటలు.
ఎనభై నంబరు ఉప్పుకాగితం, నూటెనభై, మూడొందల ఇరవై.
డబ్బు పెట్టి కొన్నదంతా నేలపాలు చేయడానికే కొన్నట్టుంది.
కనుబొమల మీద, టీ కప్పులో, కుక్క వీపు మీద
లేతగులాబి పొడి.

ఆరేసిన దుప్పట్ల మీద కూడా పడిందని
ఆ పొద్దున వచ్చింది, దెబ్బలాటకి.
తిట్టు సగంలో ఉండగానే
చెయ్యి వెళ్ళి తోక మీద వాలింది.

ముప్పై ఒక్క ఏళ్ళు ఉన్ని పట్టి చూసిన చెయ్యి.
కత్తిరించిన బొచ్చు బల్ల మీద పరిస్తే
కళ్ళు కిటికీకి అప్పగించి, రెండు వేళ్ళతో పోగు లాగి
"పద్దెనిమిదిన్నర" అనేది. మైక్రాన్లు.
లాబొరేటరీ కాగితం వారం తర్వాత వచ్చి
అవునమ్మా అనేది.

"ఇక్కడ పల్లం."
లేదన్నాను. స్కేలు ఆనించి చూపించాను.
"స్కేలుకి వంపు గురించి ఏం తెలుసు?
అది పుట్టడమే నిటారుగా పుట్టింది."
సుద్దముక్క అడిగింది.
అరచెయ్యి ఇస్త్రీపెట్టెలా నడుస్తుంటే
వెనకే సున్నాలు పడుతూ పోయాయి.
పదిహేడు.
అందులో పదకొండు కుడి చెంపకి. నేను కుదిరిందన్న చెంపకి.

ఆమె పడుకున్నాక షెడ్డులో దీపం వేశాను.
సుద్ద గుర్తులు తుడిచేసి,
నల్లరంగు పొగమంచులా చిమ్మి,
దిమ్మకి కాగితం చుట్టి అంతా గీశాను.
మిట్ట మీద నలుపు పోయింది, పల్లంలో దాక్కుంది.
లెక్కపెట్టాను.
పద్దెనిమిది.
ఆ ఒక్కదాని గురించి ఎవరికీ చెప్పలేదు,
పెట్రోలు మూత పక్కన, బఠానీ గింజంత,
నా గెలుపు.

ఆగస్టులో ప్రైమర్ పడింది.
ఏనుగు పిల్లలా బూడిదరంగులో నిలబడింది కారు.
గాలి లేని రోజు కోసం చూస్తున్నాం,
మా ఊళ్ళో గాలి లేని రోజంటే గాలికి జబ్బు చేసిన రోజు.
రంగు డబ్బా సీలు తీయకుండా అటక మీద ఉంది.
ముదురు ఆకుపచ్చ అని నేను,
గొర్రెలు మేతనుకుని నాకుతాయని తను.

ఈలోగా ఆరొందల నంబరుతో తడి గీకుడు.
నేను రుద్దుతాను, తను మగ్గుతో నీళ్ళు పోస్తుంది.
ఇవాళ ఒక మగ్గు తోక పైనుంచి కింద దాకా జారగానే
బూడిద పోయి ఒక్కసారి అద్దమైంది.
కప్పు నుంచి ట్యూబులైటు దిగి వచ్చి
రేకు మీద తిన్నగా పరిగెత్తింది,
సీటు వెనక, నడుము మీద, వంపు తిరిగి,
పెట్రోలు మూత దగ్గర
ఒక్క తొట్రుపాటు.

నేను చూశాను. తను చూసిందో లేదో అని తనని చూశాను.

"అది ఆ రోజే తగిలింది," అంది.
"నీకూ ఒకటి ఉండనీలే అని."

అంచుల నుంచి లోపలికి బూడిదరంగు
మెల్లగా నడుచుకుంటూ వస్తోంది.
నోరీన్ బకెట్లో మగ్గు ముంచి
మళ్ళీ పోసింది.